కోసేసిన మాట

మూడో రోజు కూడా సువార్తమ్మ చెయ్యి మగ్దలీనమ్మ నెత్తి మీద నుంచి లేవలేదు.

ముందు గదిలో చాపల మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఉపవాస ప్రార్థన. పొద్దున పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికి విడుస్తారు. బుధవారం అయింది, గురువారం అయింది, ఇవాళ శుక్రవారం. ఎవరి కోసం ఇంతమందీ కడుపు మాడ్చుకుంటున్నారో ఆవిడ మధ్యలో కూర్చుని, వచ్చినవాళ్ళకి ఫ్యాను గాలి తగులుతోందా లేదా అని చూస్తోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు పని చెయ్యవు. అయినా గోడకి ఆనుకోవడం లేదు. ప్రార్థన చేయించుకునే మనిషి ఆనుకుంటే బాగుండదని ఆవిడ లెక్క.

వంటింట్లో కోడలు అబిగయీలు రవ్వ వేయిస్తోంది. అత్తగారి విశ్వాసం తిరిగి రావాలని పస్తులున్నవాళ్ళకి మూడింటికి ఉప్మా పెట్టాల్సింది కోడలే. ఆ విశ్వాసం పోయిందని ఊరంతా తెలియడానికి కారణం కూడా కోడలే. అందుకని గ్రామ సచివాలయం ఉద్యోగంలో మూడు రోజులు సెలవు పెట్టి మరీ చాకిరీ చేస్తోంది. ఎవరూ ఒక్క మాట అనడం లేదు. అంటే బాగుండునని ఆమెకి బుధవారం నుంచీ ఉంది.

రేవుపాళెంలో నెలాఖరు శనివారం సాయంత్రం ఐదింటికి తుఫాను షెల్టరు మేడ మీది హాల్లో చిన్న సినిమాలు వేస్తారు. తుఫాను లేనప్పుడు ఆ షెల్టరు మేకలకి తప్ప ఎవరికీ పనికిరాదు. అక్కడ తెర కట్టింది అబిగయీలూ, జాలర్లుండే పట్టపోళ్ళ వీధి వినోదూ. ఇరవై నెలలుగా ఒక్క నెల కూడా మానకుండా వేస్తున్నారు. తడ ఫ్యాక్టరీ బస్సులో నిలబడి పోయే అమ్మాయిల మీద ఒకటి, వల అల్లే ముసలాయన మీద ఒకటి, ఇట్లా అన్నీ చుట్టుపక్కలవాళ్ళు ఫోన్లతో తీసినవే. రేపటి శనివారం అబిగయీలు తీసిన సినిమా. తొమ్మిది నిమిషాలు. పేరు ‘పెరట్లో అత్తమ్మ’.

దాని చివరి నలభై సెకన్లు వినోద్ ప్రచారానికని వాట్సాప్‌లో పెట్టాడు. అది మంగళవారానికల్లా సంఘం గ్రూపులోకి వచ్చి కూర్చుంది. పాస్టరు గారి తల్లి, పోయిన పాస్టరు గారి భార్య, స్త్రీల సమాజానికి ముప్పై ఏళ్ళు పెద్ద, దేవుడు వినడం లేదని అంటోంది. ఇంకేముంది!

ముందు గదిలో ప్రార్థన ఆగింది. సువార్తమ్మ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. స్త్రీల సమాజంలో మగ్దలీనమ్మ తర్వాత ఆవిడే.

“పెద్దమ్మగారూ, ఒక్క మాట అడుగుతా. ఏమీ అనుకోబాకండి.”

“అడుగు సువార్తా.”

“మాకు నేర్పించింది మీరే గదా. సంఘం ముందు నిలబడి చెప్పుకునేది ఎంత ఏడుపు సాక్ష్యమైనా సరే, చివర్లో స్తోత్రం చెప్పి ముగించాలని. అట్టా ముగించకపోతే అది సాక్ష్యం కాదు, సణుగుడని మీరే అన్నారు. మీరే ముగించకుండా ఆపేస్తే ఎట్టాగమ్మా? సంఘం పెద్దలు దాన్నే పట్టుకోనుండారు.”

మగ్దలీనమ్మ ఫ్యాను మీద నుంచి చూపు తిప్పింది.

“నేను ముగించినానే,” అంది.

“లేదమ్మా. సెల్లులో అందరం చూసినాం గదా.”

“ముగించినా సువార్తా.”

సువార్తమ్మ మిగతావాళ్ళ వైపు జాలిగా చూసింది. ఈ వయసులో మతిమరుపు సహజమే అన్నట్టు రెండు తలలు ఊగాయి. సువార్తమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన అందుకుంది.

వంటింట్లో రవ్వ మాడిన వాసన వచ్చింది. అబిగయీలు స్టవ్వు కట్టేసి అక్కడే నిలబడింది.

*

“ఇంకా అయిపోలా మీ ప్రార్థన?”

పెరటి గుమ్మంలో మస్తానమ్మ. నెత్తి మీద చేపల బుట్ట దించి, చుట్టకుదురు విప్పి మొహం తుడుచుకుంది. వినోద్‌కి పిన్ని. మగ్దలీనమ్మతో ముప్పై ఏళ్ళ స్నేహం. గుడికీ చర్చికీ ఎన్ని గజాల దూరమో వీళ్ళిద్దరూ ఎప్పుడూ కొలుచుకోలేదు.

“అయిపోవచ్చింది పిన్నమ్మా. కూర్చో.”

“కూర్చోను. అక్క తిన్నదా?”

“లేదు. ఆమె గూడా ఉపవాసమే.”

“ఎందుకంట? ఆమె కోసం ఆమే ఉపవాసముండాలనా?” మస్తానమ్మ నిజంగానే అర్థంకాక అడిగింది. అబిగయీలు మాడిన రవ్వని మూకుట్లోంచి గీకసాగింది.

మస్తానమ్మ గడప మీదే కూలబడింది. కూర్చోనన్న మనిషి కూర్చుందంటే ఏదో ఉన్నట్టే.

“అబిగయీలూ, మా వినోదుగాడు నన్ను సినిమా తీసినాడు గదా పోయిన ఎండాకాలం. కొడవలూరు బస్టాండులో బుట్టకి ఆనుకోని, నోరు తెరుచుకోని నేను నిద్రపోయేది తీసినాడు. నేను వద్దన్నా. వాడు అలిగినాడు. నువ్వేమన్నావు?”

“తెర మీద మనిషి ఒప్పుకోకపోతే వెయ్యబోమన్నా.”

“ముందు ఆ మనిషికి చూపించాల, ఆ మనిషి సరేనంటేనే వెయ్యాలన్నావు. అదే మన రూలన్నావు. మీ కోడలు పెద్ద మనిషని మీ అత్త కాడికొచ్చి చెప్పి పోయినా తెలుసా?” మస్తానమ్మ గొంతు పెంచలేదు. “మీ అత్తకి చూపించినావా?”

“చూపించినా పిన్నమ్మా.”

“అంతా?”

అబిగయీలు గిన్నెలు సర్దుతోంది. సర్దాల్సినవి ఏమీ లేవు.

“చెప్పేవి శ్రీరంగనీతులు...” అని అక్కడే ఆపేసింది మస్తానమ్మ. ఆ సామెతలో మిగతా సగం ప్రార్థన జరిగే ఇంట్లో అనేది కాదు.

నాలుగు మాగచేపలు గిన్నెలో వేసి బుట్ట ఎత్తుకుంది. “అక్కకి పులుసు పెట్టు. నీరసంగా ఉంటాది,” అని వెళ్ళిపోయింది.

అబిగయీలు చూపించిన మాట నిజం. ఫోన్లో చూపించింది. నాలుగు నిమిషాలు చూశాక ఎవరో పిల్లకి జ్వరం, ప్రార్థన చెయ్యాలని పిలిస్తే, ఆవిడ “బాగుందిలేమ్మా” అని లేచి వెళ్ళిపోయింది. మిగతా ఐదు నిమిషాలు రాత్రికి చూపించవచ్చు. మర్నాడు చూపించవచ్చు. నెల రోజులు గడిచాయి. బాగుందిలేమ్మా అన్నారుగా అని అబిగయీలు తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. ఆ చివరి నిమిషం ఆవిడ చూడకుండా ఉంటేనే నయమని లోపల ఎక్కడో ఉంది. అది మాత్రం ఇన్నాళ్ళూ పైకి రానివ్వలేదు.

*

అబిగయీలు భర్త మాథ్యూ నాలుగున్నరకి వచ్చాడు. వారంలో ఆరు రోజులు కొడవలూరులో ప్రైవేటు స్కూల్లో పిల్లలకి సోషల్ చెప్తాడు, ఏడో రోజు పాళెంలో పెద్దలకి వాక్యం చెప్తాడు. రెండు చోట్లా వినేవాళ్ళు తక్కువే. బండి స్టాండు వేసి, హెల్మెట్ చేత్తో పట్టుకునే వంటింట్లోకి వచ్చాడు.

“అందరూ పోయినారా?”

“పోయినారు. ఉప్మా ఉండాది, తింటారా?”

“వద్దు.”

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

“పెద్దలు స్కూలుకి ఫోను చేసినారు,” అన్నాడు. “ఎల్లుండి మొదటి ఆదివారం. ప్రభు బల్ల. అమ్మ బల్ల కాడికి రాకూడదంట.”

చేపలు కోస్తున్న అబిగయీలు చేతిలో చాకు ఆగింది.

“రాకూడదా?”

“వచ్చినా నేను రొట్టె ఇయ్యకూడదంట. విశ్వాసం లేదని ఆమే నోటితో చెప్పింది, సాక్ష్యం ముగించను గూడా లేదు, ఇంక ఆమెకి ఎట్టా ఇస్తారని అడుగుతుండారు. రొట్టె ప్లేటు పట్టుకోని వరసలో వస్తా వస్తా, మా అమ్మ కాడికి వచ్చేసరికి దాటుకోని పక్కామెకి ఇయ్యాల. మా నాయన కట్టిన మందిరంలో.”

“మీరేమన్నారు?”

“ఏమంటా? సరే సార్, బెల్లు కొట్టినారు, క్లాసుండాదన్నా.”

ఆ మాటకి ఇంకోరోజైతే ఆమెకి నవ్వొచ్చేది. చేప పొలుసు గోడకి అంటుకుని ఉంటే గోకుతూ నిలబడిందామె.

“రేపటిది ఆపెయ్ అబీ.”

“ఆపితే ఏమొస్తాది? ఆ నలభై సెకన్లు అందరి ఫోన్లలో ఉండాయి. తొమ్మిది నిమిషాలూ చూస్తే ఎవురూ ఆ మాట అనరు. ఆమె ఎంత చాకిరీ చేసిందో, ఎన్నేళ్ళు దేవుణ్ణి అడిగిందో అన్నీ ఉండాయి దాంట్లో. అంతా చూపిస్తేనే ఆమెకి మేలు.”

“ఆమెకా? నీకా?”

“అట్టా మాట్లాడబాకండి.”

“ఎట్టా మాట్లాడాల? నెల్లూరు నుంచి ఎవురో వస్తుండారంటివి. కాలేజీ మేడం, పేపరాయన. వాళ్ళొచ్చేది మా అమ్మని చూసేదానికి. పాస్టరమ్మకే దేవుడు లేడంట, రండి రండి అని.”

“మీరు సినిమా చూసినారా? నెల రోజులుగా అడుగుతుండా, ఒక్కసారి చూడండని. చూసినారా?”

“నాకు టైం యాడుండాది?”

“మీ అమ్మ తొమ్మిది నిమిషాలు మాట్లాడితే వినేదానికి మీకు టైం లేదు. నేను విన్నా. నేను ఒక్కదాన్నే విన్నా ఈ ఇంట్లో!”

గొంతు మరీ పెద్దదైందని ఆమెకే తెలిసింది. మాథ్యూ తలుపు వైపు చూస్తున్నాడు. మగ్దలీనమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

“దాన్ని ఊరంతా చూసినట్టుండాది,” అంది ఆవిడ. “నేనే చూడలా. ముందు నాకు చూపించండి.”

*

మంచం మీద ముగ్గురూ కూర్చున్నారు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మధ్యలో మగ్దలీనమ్మ. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది.

తెర మీద పెరడు. ముక్కాలి పీట మీద కూర్చుని ఆవిడ రొయ్యలు ఒలుస్తోంది.

“ఆ పొద్దు జాకెట్టు మార్చుకోని ఉండాల్సింది,” అంది మగ్దలీనమ్మ.

రొయ్యలు, చేతులు, కాకి. ఎక్కడో మిక్సీ మోత. ఐదో నిమిషంలో అబిగయీలు గొంతు మాత్రం వినిపిస్తుంది. ‘సంఘంలో ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పండి అత్తమ్మా.’ తెర మీద మగ్దలీనమ్మ గిన్నె పక్కన పెట్టింది. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి, కూర్చునేముందు కొంగు తల మీదికి లాక్కుని ముసుగు వేసుకుంది.

మాథ్యూ ముందుకి వంగాడు. ఆ ముసుగు ఎందుకో అతనికి వెంటనే అర్థమైంది. అమ్మ ముచ్చట్లు చెప్పడం లేదు. సాక్ష్యం చెప్తోంది. మైకు, కెమెరా ఏది ఎదురుగా పెట్టినా ఆవిడకి తెలిసిన మాట్లాడే పద్ధతి అదొక్కటే.

తెర మీద ఆవిడ మాట్లాడుతోంది.

‘ఆయన పదకొండు నెలలు మంచాన ఉండె. అందరూ లేపమని ప్రార్థన చేసినారు. నేను లేపమని అడగలా. నొప్పి లేకుండా చెయ్యమని అడిగినా. అంతే. అదేం పెద్ద కోరికా? ఆయన పోయినాడు. నొప్పితోనే పోయినాడు. ఆరేళ్ళయింది. ఇప్పటికీ రోజూ మోకాళ్ళూని అడుగుతా. రింగు పోతా ఉంటాది. ఎత్తేవాళ్ళు లేరు.’

ఆవిడ తల వంచుకుంది. తెర నల్లబడింది. అబిగయీలు పేరు వచ్చింది. వినోద్ పేరు వచ్చింది.

మాథ్యూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాన్న మంచం ఈ గదిలోనే ఉండేది.

“తర్వాతది ఏదీ?” అంది మగ్దలీనమ్మ.

“అయిపోయిందత్తమ్మా.”

“అయిపోలా. తర్వాత గూడా నేను మాట్లాడినా.”

అబిగయీలు దుప్పటి అంచు సవరించింది.

“తల ఎత్తి మాట్లాడినా. ‘ఎత్తకపోయినా రేపు మళ్ళీ చేస్తా, స్తోత్రం’ అని చెప్పినా. చెప్పి ముసుగు తీసినా. నువ్వు గూడా ఆమేన్ అన్నావు గదమ్మా. అదేదీ?”

“కోసేసినా,” అంది అబిగయీలు.

ల్యాప్‌టాప్‌లో పేర్లు పైకి పోయి పోయి ఆగిపోయాయి.

“ఎందుకు?”

“అక్కడ ఆపితే బాగుంటాదనిపించింది అత్తమ్మా. ఆ మాట ఉంటే... అందరూ చెప్పే మాటే గదా, మామూలుగా అయిపోతాదని.”

“అందరూ చెప్పే మాటే,” అంది మగ్దలీనమ్మ నెమ్మదిగా. “నేను గూడా అందరిలో మనిషినే గదమ్మా.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అబిగయీలు ఏదో ఒకటి చెప్పుకునేది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. మస్తానమ్మ నిద్రని కాపాడిన మనిషే తన ఇంట్లో అత్తగారి నోట్లో మాట కోసేసింది. ఇరవై నెలలుగా వచ్చినవాళ్ళందరికీ తను చెప్పిన రూలు ఒక్కొక్క మాటే గుర్తొస్తోంది.

“మూడు దినాలు!” మాథ్యూ లేచాడు. “మూడు దినాలుగా ఊరు ఊరంతా వచ్చి మా అమ్మ నెత్తి మీద చేతులు పెడతా ఉంటే, వంటింట్లో ఉప్మా చేస్తా ఉండావే గానీ ఈ మాట చెప్పలా నువ్వు! నీకు తెలుసు. తెలిసి గూడా...”

“చెప్పాలనే అనుకుంటుండా.”

“ఎప్పుడు? ప్రభు బల్ల అయిపోయినాకా?”

“ఉండు నాయనా,” అంది మగ్దలీనమ్మ.

“ఉండలేనమ్మా!” అని రెండడుగులు వేసి ఆగాడు. అతని మొహంలో ఏదో మారింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆ మొహం కొంచెం తేటపడింది. “అయితే ఉండాది గదా ఆ ముక్క! మళ్ళీ అతికించెయ్. ఈ రాత్రికే గ్రూపులో పెట్టెయ్. పెద్దలకి నేనే పంపిస్తా. ఆమె ముగించింది గదా! ఇంక ఎవురేమంటారు?”

అబిగయీలు అప్పటికే ఫోను తీసింది. వినోద్ తడలో ఎవరిదో పెళ్ళి షూటింగులో ఉన్నాడు. స్పీకర్లో నాదస్వరం, దాని వెనక వాడి గొంతు.

“ఏందక్కా?”

“వినోద్, అత్తమ్మది ఒరిజినల్ ఫైలు ఉండాది గదా నీ కాడ? చివర తీసేసిన ముక్క?”

“యాడుండాదక్కా? జాగా లేదు, తీసెయ్ అన్నది నువ్వే గదా. ఆ కార్డు మర్నాడే పెళ్ళికి వాడేసినా.”

“సిస్టంలో?”

“లేదక్కా. తీసేసిన ముక్కలు మనమెప్పుడూ పెట్టుకోం గదా. ఏం, ఏమైంది? రేపు ప్రొజెక్టరు నాలుక్కే తెస్తా, సరేనా?”

ఆమె ఫోను పెట్టేసింది.

*

మళ్ళీ తీద్దామన్నది మాథ్యూనే.

ఎన్నడూ సినిమా ముఖం చూడని మనిషి ఇప్పుడు పెరట్లో నిలబడి అన్నీ తానే చూస్తున్నాడు. పీట అక్కడే పెట్టాడు. గోడ మీద అదే జాగా కనబడాలన్నాడు. “అదే చీర కట్టుకోమ్మా, అదే జాకెట్టు,” అన్నాడు. రొయ్యల గిన్నె కావాలన్నాడు. రొయ్యలు లేవంటే, ఖాళీ గిన్నె మీద మూత పెట్టాడు. ఎండ వాలిపోతోందని తొందరపెట్టాడు. అబిగయీలు చెప్పిందల్లా చేసింది. ఫోను స్టాండుకి బిగించి, అత్తగారి వైపు తిప్పి, వెనక నిలబడింది.

మగ్దలీనమ్మ కూడా ఒక్క మాట అనకుండా చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. మూడు రోజులు ఎవరు ఎట్లా కూర్చోమంటే అట్లా కూర్చున్న మనిషి.

“ఒక్క మాటే అమ్మా. ఆ చివరిది. చెప్పేసెయ్, అయిపోతాది.”

అబిగయీలు తెర మీద ఎర్ర చుక్క నొక్కింది. అంకెలు కదిలాయి.

మగ్దలీనమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు కదిలాయి, ఆగాయి. పక్కింట్లో ఎవరో బిందె దించారు. సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తోంది. మాథ్యూ గుప్పిట బిగించుకుని నిలబడ్డాడు, స్కూల్లో వెనక బెంచీ పిల్లాడు లేచి జవాబు చెప్తాడా లేదా అని చూసినట్టు.

ఆవిడ ముసుగు తీసేసింది.

“రాలేదు నాయనా.”

“ఏం రాలేదు?”

“ఆ మాట.”

“అమ్మా! రోజుకి వందసార్లు అంటావు. ఇందాక లోపల గూడా అన్నావు గదా!”

“అన్నానని మీకు చెప్పినా. అది వేరు. బస్సు దొరికితే అంటా, అన్నం మెత్తగా ఉడికితే అంటా. అదీ వేరు. ఇది సాక్ష్యం. ఆ పొద్దు లోపల నుంచి వచ్చింది, చెప్పినా. అంత సేపు కడుపులోది కక్కుకున్నాక, ఖాళీ అయినాక, అది వచ్చింది. ఇప్పుడు వెతికినా. లేదు. మూడు దినాలుగా మీరందరూ వెతికి వెతికి... ఏమో. లేదు.”

“లేకపోయినా చెప్పు. నా కోసం చెప్పు.”

“మీ నాయన ఏమనేవాడు? ప్రసంగంలో ఒక మాట ఎక్కువ తక్కువైనా ప్రభువు ఊరుకుంటాడు గానీ, సాక్ష్యంలో లేనిది చెప్పకూడదనేవాడు గదా. చెప్తే అబద్ధసాక్ష్యం. నలభై ఏళ్ళు చెప్పలా. ఈ పొద్దు చెప్తానా?”

“బల్ల కాడ నిన్ను దాటుకోని పోవాలమ్మా నేను.”

“పో.”

“పోలేను!”

“పోగలవులే. నేను తల వంచుకోనుంటా, నీకు మొహం కనబడదు.”

మాథ్యూ బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయాడు. చొక్కా ఇన్‌షర్టు ఊడి వచ్చింది, సర్దుకోలేదు. మాట్లాడినప్పుడు అది పాస్టరు గొంతు కాదు, మేష్టారి గొంతూ కాదు.

“నాకు మాత్రం వస్తాదా అమ్మా?”

మగ్దలీనమ్మ కొడుకు వైపు తిరిగింది.

“నాయన సమాధి కాడ అందరూ ఏడుస్తా ఉంటే, పాస్టరువి నువ్వే, స్తోత్రం చెప్పి ముగించమన్నారు. చెప్పినా. ఆ పొద్దు గూడా లోపల ఏమీ లేదు. ఆరేళ్ళు. ఆదివారం ఆదివారం మైకు పట్టుకోని అంటా. నాక్కూడా రింగే. నువ్వు ఒక్క తూరి అన్నావని ఇంతమంది ఉపవాసముండారు. నేను ఆరేళ్ళుగా లేనిది చెప్తా ఉండా. మైకు చేతిలో ఉన్నోడి మీద ఎవురికి అనుమానం వస్తాది?”

ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనివాడిలా మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

అబిగయీలు స్టాండు వెనక నిలబడే ఉంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి ఈ గొంతుతో మాట్లాడగా ఆమె వినలేదు. పోయి పక్కన కూర్చోవాలనిపించింది. ఫోను తెర మీద బండ ఒక చివరగా కనబడుతోంది, దాని మీద అతని భుజమూ సగం మొహమూ, ఆ మొహం మీద ఎండ. ఎదురుగా తల్లి. ఇద్దరి మధ్య ఖాళీ గిన్నె. ఎంత బాగా పడిందో అనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అంకెలు పదకొండో నిమిషంలోకి వచ్చాయి.

“ఆ మాట ఇంకెవురికీ చెప్పబాక నాయనా,” అంది మగ్దలీనమ్మ. “నాకు చెప్పినావు, చాలు. నన్ను బల్ల కాడికి రాబాకంటే ఇంట్లో కూర్చుంటా. నిన్ను రాబాకంటే యాడికి పోతావు? ఈ సంఘమే గదా నీకు.”

అతను తల ఊపాడు.

ఆవిడ పీట మీద నుంచి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుంది. అప్పుడు కోడలి వైపు చూసింది.

“అమ్మా, అది తిరగటం లేదు గదా?”

మాథ్యూ కూడా తల ఎత్తాడు. ఫోను వెనక వైపు మాత్రమే వాళ్ళిద్దరికీ కనబడుతోంది.

“లేదత్తమ్మా,” అంది అబిగయీలు. “ఎప్పుడో ఆపేసినా.”